థార్, జిమ్నీ, గూర్ఖా మన ఊరి బాటలకు పనికొస్తాయా? నల్గొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఏ ఫంక్షన్ హాల్ ముందు చూసినా రెండు మూడు థార్‌లు ఆగి ఉంటున్నాయి. వాటిలో ఎన్నింటికి ఫోర్ బై ఫోర్ లివర్, అంటే నాలుగు చక్రాలకూ బలం పంపే లివర్, ఒక్కసారైనా కదిలిందో దేవుడికే తెలియాలి. కొనేముందు, కొన్నాక జనం అడిగే ప్రశ్నలు ఇక్కడ రాశాను. నా మాట ముందే చెప్తా. ఇవి చెడ్డ బండ్లు కావు. కానీ వీటి గొప్పతనం తెలిసే చోటికి మనలో చాలామంది ఏడాదికి పది రోజులు కూడా పోము. మిగతా రోజులన్నీ వీటి ఇబ్బందులతోనే గడపాలి. అది తెలిసి కొంటే ఏ గొడవా లేదు.

క్రెటా, బ్రెజా కూడా ఎస్‌యూవీలే కదా. వీటికీ వాటికీ తేడా ఏంటి?

కింద పడుకుని చూస్తే తెలిసిపోతుంది. మహీంద్రా థార్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, స్కార్పియో, బొలెరో, ఫార్చ్యూనర్ లాంటి వాటికి లారీకి ఉన్నట్టే అడుగున నిచ్చెన ఆకారంలో ఉక్కు చాసీ ఉంటుంది. ఇంజన్, గేర్ బాక్స్, యాక్సిల్స్ అన్నీ దానికే బిగిస్తారు. బాడీని తెచ్చి దాని మీద కూర్చోబెడతారు. క్రెటా, బ్రెజాలకు వేరే చాసీ ఉండదు, బాడీయే చాసీ. అందుకే అవి తేలిగ్గా ఉంటాయి, మలుపుల్లో ఊగవు, మైలేజ్ బాగా ఇస్తాయి. గుంతల బాటలో ఒక చక్రం పైకి లేచి ఒకటి కిందికి దిగినప్పుడు బాడీ మొత్తం మెలిపడుతుంది. ఆ మెలికను ఏళ్ల తరబడి తట్టుకునేది చాసీ బండే.

రెండో తేడా ట్రాన్స్‌ఫర్ కేస్. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకు కూడా పంపే పెట్టె అది. దాంట్లోనే లో రేంజ్ గేరు, అంటే స్పీడ్ తగ్గించి బలం పెంచే గేరు, కూడా ఉంటుంది. లో రేంజ్ లేని బండి మీద ఎంత పెద్దగా ఫోర్ బై ఫోర్ అని రాసి ఉన్నా నేను దాన్ని ఈ లెక్కలో వేయను.

బొలెరో, స్కార్పియో కూడా చాసీ బండ్లే కదా అన్నా. అవి చాలవా?

చాలామందికి చాలు. ఈ పేజీ మొత్తంలో పనికొచ్చే జవాబు ఒకటే చదవాలంటే ఇదే చదవండి.

మన ఊళ్లలో బండికి కావలసింది ముఖ్యంగా మూడు: అడుగు తగలని ఎత్తు, గుంతలకు ఓర్చుకునే సస్పెన్షన్, ఏ మండల కేంద్రంలోనైనా దొరికే మెకానిక్. ఈ మూడూ 2000లో వచ్చిన బొలెరోకు ఉన్నాయి. బలం వెనక చక్రాలకే పోతుంది, వెనక కమాన్ కట్టలు, లోపల సోకులు ఏమీ లేవు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలకు ఒకప్పుడు కమాండర్ జీపులు జనాన్ని కుక్కుకుని తిరిగేవి. వాటిలో ఎక్కువ భాగం టూ వీల్ డ్రైవ్‌వే. ఆ బాటలు ఇప్పటికన్నా అధ్వాన్నంగా ఉండేవి, అయినా నడిచాయి.

ఫోర్ బై ఫోర్ అవసరం వచ్చేది చక్రం జారినప్పుడు. గుంతలో ఎగిరినప్పుడు కాదు. ఈ రెండూ వేరని తెలిస్తే మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. స్కార్పియో ఎన్‌లో కొన్ని డీజిల్ వేరియంట్లకు ఫోర్ బై ఫోర్ వస్తుంది. కుటుంబమూ కావాలి, బురదా తప్పదు అనుకునేవాళ్లకు అది మధ్యేమార్గం.

టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్: ఏది ఎప్పుడు వేయాలి?

టూ హెచ్ మామూలు రోడ్డుకు. వెనక చక్రాలు మాత్రమే తోస్తాయి.

ఫోర్ హెచ్ జారే చోటికి: తడి మట్టి, ఇసుక, వదులు కంకర. దీన్ని బండి నడుస్తుండగానే వేసుకోవచ్చు. ఎంత వేగం దాకా వేయొచ్చో మీ బండి మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఫోర్ ఎల్ పాకుతూ పోవడానికి: రాళ్ల ఎక్కుడు, నిటారు దిగుడు, లోతు బురద, దిగబడిన ఇంకో బండిని లాగడం. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. స్పీడ్ ఉండదు, బలం ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఈ బండ్లలో ఫోర్ హెచ్ వేస్తే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకదానికొకటి లాక్ అయి ఒకే వేగంతో తిరుగుతాయి, వాటి వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారడానికి సందు లేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బండి కుదుపుతో నడుస్తుంది. "వానలో గ్రిప్ బాగుంటుంది" అని హైవే మీద ఫోర్ హెచ్‌లో పోయేవాళ్లు ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ కేస్ బిల్లు వచ్చినప్పుడు ఆ గ్రిప్ ఎంత పలికిందో తెలుస్తుంది.

నెలకోసారైనా మట్టి బాటలో లివర్ కదిపి కాసేపు నడపండి. ఏళ్లు కదపని లివర్ అవసరమైన రోజు కదలదు.

మన జిల్లాల్లో ఫోర్ బై ఫోర్ నిజంగా ఎక్కడ పనికొస్తుంది?

నేలను బట్టి చెప్పాలి.

ఎర్ర చెల్కల్లో, అంటే నల్గొండ పడమటి వైపు, దేవరకొండ, కల్వకుర్తి చుట్టుపక్కల, వాన పడ్డా నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. కింద మొరం, గులకరాయి. మామూలు బండి కూడా నెమ్మదిగా దాటేస్తుంది. అక్కడ ఇబ్బంది బురద కాదు, వాన నీళ్లు కోసిన గాళ్లు. ఒక చక్రం గాడిలో పడి, దాని ఎదురు మూలలో ఉన్న చక్రం గాల్లో లేస్తే టూ వీల్ డ్రైవ్ బండి అక్కడే ఆగుతుంది. గాల్లో ఉన్న చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీద ఉన్నదానికి బలం అందదు. యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే డిఫ్ లాక్ విలువ తెలిసేది ఇక్కడే.

నల్లరేగడి వేరే కథ. అలంపూర్, గద్వాల, మక్తల్ వైపు మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక పొలం బాటలోకి బండి దించి చూడండి. ఇరవై గజాలు పోయేసరికి టైరు గాళ్లన్నీ మట్టితో పూడుకుపోయి చక్రం నున్నగా అయిపోతుంది. ఇంకో ఇరవై గజాలకు ఆ మట్టి మడ్‌గార్డ్ లోపలికి చేరి చక్రాన్నే పట్టేస్తుంది. ఫోర్ బై ఫోర్ ఉంటే నాలుగు చక్రాలూ నున్నగా అవుతాయి, అంతే తేడా. రేగడి తడిసినప్పుడు పనిచేసేది ఓపిక. ఒక ఎండ కాసేదాకా ఆగాలి.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల వైపు సాగర్ ఎడమ కాలువ కింద అంతా వరి. గట్ల మీద బాట ఇరుకు, రెండు పక్కలా దమ్ము చేసిన మడి. అక్కడ ఫోర్ బై ఫోర్ కన్నా బండి వెడల్పు ముఖ్యం. మడిలోకి జారిన బండిని ఏ డిఫ్ లాకూ బయటికి తేలేదు. కేజ్ వీల్స్ వేసిన ట్రాక్టర్‌ను పిలవాల్సిందే.

ఫోర్ బై ఫోర్ తన డబ్బు వసూలు చేసుకునేది కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఇసుకలో, గుట్టల వాలు మీద ఉన్న బత్తాయి తోటల్లో, పైపులైను కోసం తవ్వి పూడ్చిన బాటల్లో. మీ తోట అలాంటి చోట ఉంటే ధైర్యంగా తీసుకోండి.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పరు గానీ మనకు ముఖ్యం: కంది మోళ్లు. పాలమూరు చేలల్లో కంది కోశాక మిగిలే మోడు ఏటవాలుగా, చాకు మొనలా ఉంటుంది. టైరు పక్క గోడలో గుచ్చుకుంటే ట్యూబ్‌లెస్‌కు ప్యాచ్ వేయడం కుదరదు, టైరే మార్చాలి. పత్తి మోళ్లూ అంతే. కోసిన చేలో అడ్డంగా పోయి వీడియో తీద్దాం అనుకునే ముందు దిగి ఒకసారి నేల చూసుకోండి.

వాగు పారుతుంటే దాటొచ్చా? కంపెనీ వాళ్లు 650 మిల్లీమీటర్లు అని రాస్తారు కదా?

థార్‌కు 650, గూర్ఖాకు 700 మిల్లీమీటర్ల నీళ్ల లోతు అని కంపెనీలు చెప్తున్నది నిజమే. 650 అంటే రెండు అడుగుల మీద కొంచెం. కానీ ఆ లెక్క నిలిచిన నీళ్లకు, కింద గట్టి నేల ఉన్నప్పుడు, నెమ్మదిగా నడిపితే. పారే నీటికి కాదు.

పారే నీళ్లలో లోతు ఒక్కటే కాదు, తోపు కూడా ఉంటుంది. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును లేపుతుంది. రెండు అడుగులైతే పెద్ద ఎస్‌యూవీని కూడా పక్కకు తోసేస్తుంది. ఈ బండ్ల తలుపులు బిగుతుగా ఉంటాయి, లోపల గాలి ఉంటుంది, కాబట్టి బండి తేలుతుంది. టైరు నేలను వదిలాక ఫోర్ బై ఫోర్ దేన్ని పట్టుకుంటుంది?

వలిగొండ దగ్గర మూసీ మీద భీమలింగం కత్వ లాంటి లోలెవల్ వంతెనల మీద ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లు బురద రంగులో ఉంటాయి కాబట్టి వంతెన అంచు కనపడదు, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో తెలియదు. చెరువు అలుగు పోసినప్పుడు ఊరి రోడ్లదీ అదే పరిస్థితి. పోలీసులు అడ్డంగా పెట్టిన ట్రాక్టర్‌నో ముళ్లకంపనో తప్పించుకుని "మన బండికి ఏం కాదు" అని దిగేవాళ్లను ప్రతి వానాకాలం టీవీలో చూస్తూనే ఉన్నాం. చిన్న కారు ఉన్నవాడు భయపడి ఆగిపోతాడు. ఈ బండి ఉన్నవాడికే ఆ భయం ఉండదు. దీని బలహీనతల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఇదే.

నిలిచిన నీళ్లయితే: ముందు ఒక మనిషి కర్రతో నడిచి లోతు చూడాలి. ఫోర్ ఎల్, ఫస్ట్ లేదా సెకండ్ గేర్, ఒకే వేగం, మధ్యలో గేరు మార్చొద్దు, క్లచ్ తొక్కొద్దు. మధ్యలో ఇంజన్ ఆగిపోయిందంటే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఎయిర్ ఇన్‌టేక్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరి ఉంటే, గాలిలా నీరు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బయటికి లాగించి మెకానిక్‌కు చూపించాకే స్టార్ట్ చేయాలి. బయటికి వచ్చాక కొంత దూరం బ్రేకు మీద తేలిగ్గా కాలు పెట్టి నడపండి, వెనక డ్రమ్ములు ఆరతాయి. తర్వాత యాక్సిల్ ఆయిల్ పాల రంగులోకి మారిందేమో చూపించుకోండి. మారితే నీళ్లు చేరినట్టే.

థార్, జిమ్నీ, గూర్ఖా. మూడింట్లో ఏది తీసుకోమంటారు?

*జిమ్నీ:* మనకు నిజంగా సరిపోయేది, మనవాళ్లు కొననిది. 2023లో వచ్చింది. ముందు, వెనక రెండూ రిజిడ్ యాక్సిల్సే (ఎడమ, కుడి చక్రాలు ఒకే గట్టి దూలానికి బిగించి ఉంటాయి), చాసీ ఉంది, లో రేంజ్ ఉంది. బరువు 1,200 కిలోల చుట్టూ. థార్ కన్నా దాదాపు అర టన్ను తేలిక కాబట్టి ఇసుకలో, మెత్తటి నేలలో తక్కువ దిగబడుతుంది. ఇరుకు గట్ల మీద, ఊరి సందుల్లో సులువుగా తిరుగుతుంది. లోటు ఏంటంటే 1.5 లీటర్ పెట్రోల్ ఇంజన్, 105 హార్స్‌పవర్. నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే రొప్పుతుంది. డీజిల్ లేదు. వెనక సీటు ఇద్దరికే. పైగా "ఇంత పెట్టి ఇంత చిన్న బండా" అంటారు బంధువులు. ఇక్కడ షోరూముల్లో డిస్కౌంట్‌కు అమ్ముతున్న ఇదే బండిని ఇండియాలో తయారుచేసి 2025లో జపాన్‌కు పంపితే, నాలుగు రోజుల్లో 50,000 ఆర్డర్లు వచ్చి అక్కడ బుకింగ్‌లు ఆపేశారు.

*థార్:* 2020 మోడల్ మూడు డోర్లది. 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 2.2 డీజిల్‌లో కావలసినంత బలం. చూపు తిప్పుకోలేని బండి, అది ఒప్పుకోవాలి. తిరిగి అమ్మినా మంచి ధర వస్తుంది. ఐదు డోర్ల రాక్స్ 2024 ఆగస్టు 15న వచ్చింది. కుటుంబం ఉంటే మూడు డోర్లది మర్చిపోయి రాక్స్ చూడండి. కాకపోతే పొడవు పెరిగింది కాబట్టి ఎత్తైన గట్టు దాటేటప్పుడు నడుము తగిలే అవకాశం కూడా పెరిగింది.

*గూర్ఖా:* ముందు, వెనక రెండు డిఫరెన్షియళ్లకూ చేత్తో వేసే లాకర్లు, కంపెనీ నుంచే స్నార్కెల్ (ఇంజన్‌కు గాలిని పై నుంచి తెచ్చే గొట్టం), 233 మిల్లీమీటర్ల ఎత్తు, 2.6 లీటర్ డీజిల్. పనితనంలో మూడింటికీ పెద్దన్న. కానీ బరువెక్కువ, షోకు లేదు, సర్వీస్ సెంటర్లు తక్కువ. గుట్టల మధ్య పెద్ద తోట ఉండి, దగ్గర్లో మెకానిక్ దొరికితే తీసుకోండి. ఐదు డోర్లదాంట్లో ఏడుగురు కూర్చోవచ్చు.

హైవే మీద ఎలా ఉంటుంది? వారానికోసారి హైదరాబాద్ పోవాలి.

నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల చుట్టూ. ఎన్‌హెచ్ 65 మీదో 44 మీదో తొంభై దాకా హాయిగా పోతాయి. వంద దాటితే గాలి హోరు, టైర్ల మోత. ముందు అద్దం నిటారుగా ఉంటుంది కాబట్టి గాలిని కోసుకుపోదు, గాలిని ఢీకొంటూ పోతుంది. ఎత్తు ఎక్కువ కావడంతో పక్కగాలికి ఊగుతుంది. చౌటుప్పల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేసి ముందుకు రాగానే బండి ఒక పక్కకు లాగినట్టు అనిపించడం ఇందుకే.

అన్నిటికన్నా తేడా తెలిసేది ఒక్కసారిగా లేన్ మార్చాల్సి వచ్చినప్పుడు. డివైడర్ సందులోంచి బైకు వచ్చిందో, గేదె అడ్డం పడిందో. బరువంతా పైన ఉండే బండిని కారు తిప్పినట్టు తిప్పొద్దు. ముందు బ్రేకు, తర్వాతే స్టీరింగ్. ఈఎస్‌పీ ఉన్న వేరియంటే తీసుకోండి, దాని కోసం మ్యూజిక్ సిస్టం వదులుకున్నా ఫర్వాలేదు. మలుపులో బండి జారబోతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది అదే.

క్రాష్ టెస్టుల సంగతి అడుగుతారు కాబట్టి: మూడు డోర్ల థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు స్టార్లు ఇచ్చింది. రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు వచ్చాయి.

అమ్మా నాన్నలకు మోకాళ్ల నొప్పులు. ఎక్కగలరా?

మూడు డోర్ల థార్ వెనక సీట్లోకి ఎక్కలేరు. ముందు సీటు మడిచి, ఒక కాలు పైకెత్తి, ఒళ్లు తిప్పి లోపలికి దూరాలి. చీర కట్టుకున్నవాళ్లకు మరీ కష్టం. ముందు సీటు కూడా ఎత్తే, సైడ్ స్టెప్ పెట్టించినా పట్టుకుని లేవాలి. డాక్టర్ దగ్గరికి, గుడికి పెద్దవాళ్లను తిప్పే ఇల్లయితే ఈ బండి రెండోది కావాలి, మొదటిది కాదు. ఇంట్లో ఒకే బండి అయితే వద్దనే చెప్తాను.

సీట్లు కూడా చూసుకోండి. మూడు డోర్ల థార్, జిమ్నీ ఆర్‌సీలో నలుగురికే. ఐదుగురు కుటుంబం ప్రతిసారీ రూల్ తప్పుతూ పోవాలి. వెనక సామాన్లకు జాగా దాదాపు లేనట్టే. పెళ్లికి పోతూ నాలుగు సూట్‌కేసులు, ఒక పిండివంటల డబ్బా పెడదామంటే కుదరదు.

సాఫ్ట్ టాప్ తీసుకుందాం అనుకుంటున్నా...

వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మన దగ్గర మేలో 44, 45 డిగ్రీలు మామూలే. గుడ్డ టాప్ కింద ఏసీ ఎంత పెట్టినా వెనక కూర్చున్నవాళ్లకు చల్లగా ఉండదు. దుమ్ము వస్తుంది. శ్రీశైలం రోడ్డు మీద బండి ఆపి టిఫిన్ చేసి వచ్చేలోగా కోతులు దాన్ని ఏం చేస్తాయో చెప్పనక్కర్లేదు. హార్డ్ టాప్ తీసుకోండి.

డీజిలా, పెట్రోలా? మైలేజ్ ఎంత?

థార్ 2.2 డీజిల్ ఫోర్ బై ఫోర్‌కు ఊరూ హైవే కలిపి పది నుంచి పదమూడు మధ్య అనుకోండి. పెట్రోల్ ఆటోమేటిక్ పదికి లోపే. జిమ్నీకి కాగితం మీద 16 పైన ఉంది, మన వాడకంలో రెండు మూడు తగ్గుతుంది. మైలేజ్ అడిగేవాళ్లు ఈ బండ్లు కొనొద్దని షోరూమ్‌వాళ్లే నవ్వుతూ అంటారు. నిజమే.

డీజిల్‌లో ఒక చిక్కు ఉంది. బీఎస్ 6 డీజిల్ బండ్లకు పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అది వేడి మీద తనే కాల్చుకోవాలి. రోజూ ఇంటి నుంచి బావికాడికి మూడు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి, ఇలాగే తిప్పితే ఆ వేడి ఎప్పటికీ రాదు. ఫిల్టర్ మూసుకుపోయి డాష్‌బోర్డ్ మీద లైటు వెలుగుతుంది. అప్పుడు హైవే ఎక్కి ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా నడపాలి. లైటు చూసి కూడా పట్టించుకోకపోతే బండి బలం తగ్గించేసుకుంటుంది, వర్క్‌షాప్‌కు పోక తప్పదు. పొలానికి, ఊళ్లోకి మాత్రమే అయితే పెట్రోల్ నయం. నెలకు నాలుగైదుసార్లు హైదరాబాద్ పోతుంటే డీజిల్ తీసుకోండి.

టూ వీల్ డ్రైవ్ థార్ చవకగా వస్తోంది కదా, దాని సంగతి?

చవక అవడానికి కారణం పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి మారిన జీఎస్‌టీలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిల్ అయితే 18 శాతం. అది దాటితే 40 శాతం. 1.5 డీజిల్ రియర్ వీల్ డ్రైవ్ థార్, బొలెరో మొదటి దాంట్లోకి వస్తాయి. 2.2 డీజిల్ ఫోర్ బై ఫోర్ రెండో దాంట్లోకి పోతుంది. జిమ్నీ పొట్టిదే అయినా పెట్రోల్ బండ్లకు హద్దు 1,200 సీసీ కాబట్టి 40 శాతమే పడుతుంది. దీని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్ వేరే.

టూ వీల్ డ్రైవ్ థార్ రూపం కోసం కొనే బండి. రూపం కోసం కొనడం తప్పేమీ కాదు, పెళ్లి బట్టలు మైలేజ్ చూసి కొంటామా? కానీ "మాదీ థారే" అని తడి ఇసుకలోకి దించితే మాత్రం తాడు వెతుక్కోవాలి.

నల్లమలలో ఆఫ్‌రోడింగ్ చేయొచ్చా?

చేయకూడదు. మన్ననూర్ దాటాక అటూ ఇటూ అంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రోడ్డు దిగి అడవిలోకి బండి తోలితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు, బండి సీజ్. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. అడవి లోపల చూడాలంటే ఫరహాబాద్ వైపు అటవీశాఖ వాళ్ల సఫారీ ఉంది, వాళ్ల బండిలోనే పోవాలి. రాచకొండ గుట్టల్లో కూడా చాలా భాగం రిజర్వ్ ఫారెస్టే.

నేర్చుకోవాలంటే మీ చెల్క ఉంది, అడిగితే ఇచ్చే స్నేహితుడి బీడు ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బు కట్టి నడిపే ప్రైవేటు ట్రాక్‌లు కూడా ఉన్నాయి. వేరేవాళ్ల పొలంలో పంట లేకపోయినా గట్లు తెంపకండి. మళ్లీ గట్టు వేయించడానికి కూలీ ఎంతవుతుందో రైతును అడగండి.

దిగబడితే ఏం చేయాలి?

మొదట ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీయండి. చక్రం తిరిగేకొద్దీ గుంత తవ్వుకుంటుంది. చాసీ నేలకు ఆనిందంటే పని పదింతలు.

దిగి చక్రాల ముందు మట్టి తీయండి. టైర్లలో గాలి 18, 20 పీఎస్‌ఐ దాకా తగ్గించండి, టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. ఇసుకలో అయితే చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. చక్రాల కింద వరిగడ్డి, సర్వకట్టె, పాత గోనె సంచులు, ఏది దొరికితే అది వేయండి. ఫోర్ ఎల్, సెకండ్ గేర్, మెల్లగా. రాకపోతే వచ్చిన దారినే వెనక్కి తీయండి, ముందుకే పోవాలన్న పంతం వద్దు.

ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు తాడు టో హుక్‌కే కట్టాలి. బంపర్‌కు, స్టీరింగ్ రాడ్‌కు కట్టి ఊడదీసుకున్న బండ్లు చాలా ఉన్నాయి. ఇనుప గొలుసు కన్నా మంచి నైలాన్ తాడు నయం. లాగేటప్పుడు చుట్టూ గుమిగూడిన జనాన్ని, ముఖ్యంగా ఫోన్లు పట్టుకున్న పిల్లలను దూరం పంపండి. తెగిన గొలుసు ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం.

తారు రోడ్డు ఎక్కేముందు గాలి మళ్లీ పట్టాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న కంప్రెసర్ బండిలో ఉంచుకోండి.

పెద్ద టైర్లు, బుల్ బార్, బ్లాక్ ఫిల్మ్ పెట్టించొచ్చా?

బుల్ బార్ వద్దు. 2017లోనే కేంద్రం నిషేధించింది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికి అడ్డం వస్తుంది, ఎదురుగా ఉన్న మనిషికి తగిలితే గాయం పెద్దదవుతుంది. బ్లాక్ ఫిల్మ్‌ను సుప్రీంకోర్టు 2012లో ఆపింది. అయినా రోడ్డు మీద కనపడుతూనే ఉన్నాయంటారా? ఎవరి బండ్ల మీద కనపడుతున్నాయో కూడా చూడండి.

టైర్లు కంపెనీ చెప్పిన సైజులోనే ఏటీ రకం, అంటే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చేవి, వేసుకుంటే మన వాడకానికి బాగుంటాయి. బురద కోసం చేసిన ఎంటీ టైర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ హైవే మీద హోరు పుడుతుంది, తడి తారు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది. సైజు బాగా పెంచితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, క్లచ్ మీద బరువు పడుతుంది, ఇన్సూరెన్స్ వాళ్లకు క్లెయిమ్ కొట్టేయడానికి సాకు దొరుకుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో పాత థార్, జిప్సీ దొరుకుతున్నాయి. కొనొచ్చా?

కొనొచ్చు, కానీ కింద పడుకుని చూడకుండా కొనొద్దు. పెయింట్ కొత్తది వేసి, సీట్లు మార్చి, లైట్లు బిగించి అమ్ముతారు. మీరు చూడాల్సింది చాసీ. ఎక్కడైనా వెల్డింగ్ అతుకు ఉందా, తుప్పు పొరలుగా లేస్తుందా, చాసీ నంబర్ ఆర్‌సీతో సరిపోతుందా? ఫోర్ ఎల్ వేసి మట్టిలో నడిపించమనండి. "అది ఇప్పుడెందుకు సార్" అంటే అక్కడినుంచి వచ్చేయండి. నడుస్తుంటే వెనక డిఫరెన్షియల్ ఊళ వేస్తే గేర్లు అరిగినట్టు. మారుతి జిప్సీ 1985లో వచ్చిన బండి, మంచి బండి. కానీ మిలటరీ వేలంలోంచి వచ్చినవాటికి రిజిస్ట్రేషన్ కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆర్‌టీఏ ఆఫీసులో చూపించుకున్నాకే డబ్బు ఇవ్వండి.

మెయింటెనెన్స్ ఎక్కువా?

కారు కన్నా ఎక్కువే. రెండు డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేస్, వాటి ఆయిళ్లు అదనం. హుజూర్‌నగర్, దామరచర్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీల రోడ్లలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ గడువు కన్నా ముందే నిండుతుంది.

మన నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. నల్గొండ బోర్ల నీళ్లు ఉప్పు నీళ్లు. వాటితో కడిగి ఎండలో వదిలేస్తే నల్ల రంగు బండి మీద తెల్ల మచ్చలు పడి ఉండిపోతాయి. కడగ్గానే గుడ్డతో తుడవాలి. రేడియేటర్‌లో ఆ నీళ్లు పోస్తే లోపల సుద్ద పడుతుంది. కూలెంట్ తక్కువైతే కూలెంటే పోయాలి, దారిలో ఏదీ దొరక్కపోతే ఫిల్టర్ వాటర్ బాటిల్ పోసుకుని, తర్వాత వర్క్‌షాప్‌లో మార్పించుకోండి.

ఎరువుల బస్తాలు, గడ్డి మోపులు వేసుకోవచ్చా?

పికప్ కొనుక్కోండి.

వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీ వల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?

బరువుకు తలుపు కీలు ఏళ్ల మీద వదులవుతుంది, కిటకిటమని చప్పుడు మొదలవుతుంది. సర్వీసులో బోల్టులు బిగించమని చెప్పండి. తలుపు పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి వెనక గోడకు ఆనించి పార్క్ చేస్తే సామాను తీయలేరు. ఎండకు స్టెప్నీ టైరు వాడకుండానే పగుళ్లు బారుతుంది, అందుకే మిగతా నాలుగింటితో పాటు దాన్నీ మారుస్తూ తిప్పండి.